ఊతకర్రలు

నా పని మేకులది.
విప్పిన పలకల్లోంచి పీకి,
లారీ స్ప్రింగు ముక్క మీద పెట్టి,
వంకర తీరేదాకా సుత్తితో తడతాను.
ఒక్కో మేకు నాలుగైదు ఇళ్ళు చూసింది.
ఏ ఇంట్లోనూ కాపురం చెయ్యలేదు.
కొత్తవి కొనమంటే కంట్రాక్టరు గిర్మాచెవ్
నీ కూలిలోంచి కొందామా అంటాడు.

దెస్సీ ఊళ్ళో, తోసా కొండ దిగువన,
మూడంతస్తుల మేడకి రెండో శ్లాబు.
సెంట్రింగు మేస్త్రీ గాషె అస్ఫా
పలకల కిందికి దూరి పైకి చూస్తాడు.
ఎక్కడన్నా వెలుగు చుక్క కనబడిందా,
"నీరు పల్లమెరుగుతుంది, కాంక్రీటు సందెరుగుతుంది" అని
సిమెంటు సంచి కాగితం తడిపి కూరుతాడు.
పాలు కారిపోయిన చోట కంకర మిగులుతుంది,
తేనెపట్టులా బొక్కలు బొక్కలుగా, తేనె లేకుండా.

కాలిన ఇంజనాయిలు పూసేది నేనూ ఫంతాయే.
పల్చగా, ఇంజెరా పెనానికి గింజలపొడి రుద్దినట్టు.
ఒంటిని పట్టుకోవాలి గానీ అంటుకుపోకూడదట.
"ఇది మా ఆయనకి మొదట్లోనే పూసుండాల్సింది" అంది ఫంతాయె.
డబ్బా ఒలికేంత నవ్వాం.

ఊతలన్నీ బాహిర్ జాఫ్ కర్రలు.
నీలగిరి చెట్టుకి ఇక్కడ ఆ పేరు: సముద్రపు చెట్టు.
ఎప్పుడో నీళ్ళు దాటి వచ్చిందట.
సముద్రం నేను చూడలేదు. కర్ర బరువు తెలుసు.
బెరడు తియ్యని పచ్చి కర్రలు, నూట పన్నెండు.
ఒక్కోదాని పాదం కింద చెక్కముక్క,
చెక్క మీద ఎదురెదురుగా రెండు గూటాలు.
ఇటు కొడితే బిగువు, అటు తడితే వదులు.
మేడంతా ఆ జానెడు చెక్కల చేతిలో.

పోత రోజు.
తడి కాంక్రీటు నీళ్ళలాగా పక్కలకి తోస్తుంది,
రాయిలాగా కిందికి తొక్కుతుంది,
రెండూ ఒకేసారి.
అందరూ పైన. గాషె అస్ఫా కింద చీకట్లో
కర్ర కర్రకీ చెవి ఆనించి తిరుగుతున్నాడు.
దూలం దగ్గర కట్టుతీగ తెగింది. పక్కపలక ఉబ్బింది.
ఆపండని అరిచాడు. వైబ్రేటరు హోరులో ఎవరికి వినపడుతుంది?
వీపు ఆనించి నిలబడిపోయాడు.
నేను మేకులు అందించాను. సాపు చేసినవే.
ఒకటి మళ్ళీ వంగింది.
ఆ దూలానికి ఇప్పటికీ చిన్న బొజ్జ ఉంది.

ఆరో రోజు గిర్మాచెవ్ వచ్చాడు.
కర్రలకి రోజు అద్దె, కొంబోల్చాలో ఇంకో పోత.
పక్కపలకలు తీశారుగా, గట్టిగానే ఉందిగా,
అడుగువీ లాగెయ్యండి.
గాషె అస్ఫా స్తంభాన్ని తట్టాడు:
"ఇది నిలబడాలి. దానికి చాతనవును."
తలెత్తాడు: "అది గాలిలో పడుకోవాలి.
ఇంకా నేర్చుకుంటోంది."
గిర్మాచెవ్ లెక్కల కాగితం తీశాడు.
అస్ఫా సుత్తి తెచ్చాడు. కొట్టేస్తాడనుకున్నాం.
అది తలకింద పెట్టుకుని
మధ్య కర్రల నడుమ గోనె పరుచుకు పడుకున్నాడు.

ఎనిమిది రాత్రులు. ఒకటే వాన.
శ్లాబు తడిపే పని నాకు తప్పింది.
ఫిల్సెతా ఉపవాసాలు; శనగపిండి పులుసు పట్టుకెళ్ళేదాన్ని.
భయం లేదా అని అడిగితే
తింటూ ఒకసారి పైకి చూశాడు, అంతే.
ఆ ఎనిమిది రోజుల కూలీ గిర్మాచెవ్ కోసేశాడు.
తర్వాత కూడా ఇవ్వలేదు.

పద్నాలుగో రోజు నడిమధ్య నుంచి మొదలుపెట్టి
ఒక్కో గూటమూ వెనక్కి తట్టాం.
పైన చిన్న సర్దుబాటు చప్పుడు,
పక్కగదిలో ఎవరో అటు తిరిగి పడుకున్నట్టు.
పలక ఊడింది. చెక్క గీతలు, ముడులు,
నా బొటనవేలి నూనె మరక కూడా
రాతిలోకి దిగి ఉన్నాయి.

మూలనున్న కర్రకి, మోకాలెత్తున,
బెరడు చీల్చుకుని రెండు ఆకులు.
ఎండ తగలని చోట, మేడని మోస్తూనే.
ఫంతాయె నలిపి వాసన చూడబోతే చెయ్యి పట్టుకున్నాను.
అద్దెకర్ర. నూట పన్నెండూ లెక్క సరిపోవాలి.
ఆకులు లోపలి వైపుకి వచ్చేలా తిప్పి
లారీకెత్తాం.